అది పూత బీటే

జూన్ 3

ఛైర్మన్ గారు పొద్దున్నే పిలిచి, కుర్చీ కూడా చూపించకుండా శుభవార్త చెప్పారు. పైనుంచి నిధులొచ్చాయట. ఫైర్ స్టేషనూ, దాని పక్కనే గోడ పంచుకుని ఉన్న పోలీస్ స్టేషనూ రెండూ బాగుచేయాలి. ఫైలు మీద పేరు మాత్రం ఘనంగా ఉంది: ప్రజా భద్రతా భవనాల పునరుద్ధరణ. మొత్తం నలభై లక్షలు. ఎస్టిమేటు నేను వేయాలి, నెలన్నరలో కౌన్సిల్ ముందు పెట్టాలి.

"ఆ భవనం సంగతి మీకన్నా ఎవరికి తెలుసమ్మా? మీరు కట్టించిందేగా" అన్నారు.

నిజమే. మున్సిపాలిటీలో ఇంజనీరుగా చేరిన ఏడాది నా చేతికిచ్చిన మొదటి పని ఆ ఫైర్ స్టేషను. ఇరవై ఆరేళ్ళయింది. ఇంటికొచ్చి చెప్తే ఈయన పేపరు దించకుండానే, "అయితే నీ తొలి సంతానానికి ఆపరేషనన్నమాట" అన్నారు.

ఒక్క విషయం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఫైర్ స్టేషన్ ఆఫీసరు మా చెల్లెలి మొగుడు కావచ్చు. బంధుత్వం బంధుత్వమే, ఎస్టిమేటు ఎస్టిమేటే. అర్ధ రూపాయి కూడా అటు ఎక్కువ మొగ్గదు.

జూన్ 5

ఫైర్ స్టేషన్‌కి వెళ్ళాను. మరిది గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. చేతిలో మూడు పేజీల జాబితా.

"వదినా, మీరు కాదనకూడదు" అని మొదలుపెట్టాడు. మీట నొక్కితే వాటంతటవే పైకి లేచే తలుపులు. మేడ మీద కుర్రాళ్ళు పడుకునే గది పక్కన కసరత్తు హాలు. హాల్లో ఇనుప బరువులు, నిలువెత్తు అద్దం.

"అద్దం దేనికి?"

"మనిషి అప్పుడప్పుడూ తనని తాను చూసుకోవాలి వదినా."

"తననా, మీసాన్నా?"

మీసం దువ్వుకుంటూ నవ్వాడు. తొంభై కిలోల మనిషి, నవ్వితే మెట్లకింద బకెట్లు కూడా కదులుతాయి.

ఫైరింజను బండి నిలబెట్టే కింది షెడ్డులో నించుని పైకి చూశాను. అడ్డంగా ఉన్న పెద్ద బీము మధ్యలో సన్నని బీట. వెంట్రుకంత. ఆ బీము మీదే పై గది, ఆ గదిలోనే పదకొండు మంచాలు.

"అదా? ఎప్పట్నుంచో ఉంది. మావాళ్ళు దానికి నది అని పేరు పెట్టారు. వర్షాకాలంలో కొంచెం వెడల్పవుతుంది" అన్నాడు. వెంటనే నిచ్చెన తెప్పించబోయాడు. ఫైర్ స్టేషన్లో నిచ్చెనకి కరువేముంది!

"వద్దులే. కుడి మోకాలు బాగాలేదు. కింద నుంచే తెలుస్తోంది. పూత బీట. సిమెంటు పూత ఎండి విచ్చింది, అంతే."

మోకాలు నిజంగానే కొంచెం నొప్పిగా ఉంది.

జూన్ 6

పూత బీటే.

జూన్ 10

పోలీస్ స్టేషన్. కొత్త ఇన్‌స్పెక్టరమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, దొంగలు కూడా ముందుకి వంగి వినాల్సిందే. ఫిర్యాదులు రాసుకునే బల్ల వరండాలో ఉంది. వరండాలో ఫ్యాన్ ఉంది. ఫ్యాన్ ఉంది కాబట్టి ఎదురు స్టాపులో బస్సెక్కాల్సిన వాళ్ళందరూ అక్కడే కూర్చుంటారు.

నేనున్నప్పుడే ఒకావిడ వచ్చింది. మొగుడు కొడుతున్నాడని చెప్పడానికి నోరు తెరిచిందో లేదో, బస్సు కోసం కూర్చున్న నలుగురూ తీర్పు చెప్పేశారు. ఇద్దరు సర్దుకుపొమ్మన్నారు. ఒకాయన మొగుడి పేరడిగాడు. నాలుగో మనిషి, ఆమె అత్తగారు తనకి తెలుసన్నాడు. ఆవిడ చెప్పాల్సింది చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాలే గేటు దాకా పరిగెత్తి ఇన్‌స్పెక్టరమ్మ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

"నేను గది కూడా అడగట్లేదు మేడమ్. తలుపు అడుగుతున్నాను. వేసుకోవడానికి ఒక్క తలుపు" అంది.

రాసుకున్నాను. ఒక గది, తలుపుతో సహా.

జూన్ 14

ఛైర్మన్ గారి కోరిక బయటపడింది. రెండు భవనాలకీ కలిపి ముందు వైపు ఒక పెద్ద ముఖద్వారం. ఆరు స్తంభాలు, పైన గడియారం, గడియారం కింద రాయి. రాయి మీద ఎవరి పేరుంటుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన పదవీకాలం ఇంకో ఏడు నెలలు.

"ఊరికి ఒక ముఖం ఉండాలమ్మా" అన్నారు.

ముఖానికి పద్దెనిమిది లక్షలవుతుంది. వెనక ఒళ్ళు సంగతేమిటని అడుగుదామనుకున్నాను. ఇక్కడ అడుగుతున్నాను.

జూన్ 15

మొదటి లెక్క పూర్తయింది. ముఖద్వారం, తలుపులు, కసరత్తు హాలు, ఇన్‌స్పెక్టరమ్మ గది, రంగులు, పైపులు. బీముకి: సిమెంటు పూత సరిచేయుట, మూడు బస్తాలు.

ఈయన ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మేష్టారు. నా కాగితాలు కనిపిస్తే ఎర్ర పెన్ను వెతుక్కుంటారు. మూడు బస్తాల దగ్గర ఆగారు. "ఎక్కి చూశావా?"

"మోకాలు బాగాలేదన్నానుగా. ఎడమది."

"మొన్న కుడిదన్నావు."

"నొప్పి ఒక చోటే ఉంటుందా?"

మా ఇంట్లో బల్బు పోతే స్టూలెక్కేది ఎవరో ఆయనకి తెలుసు. ప్రపంచంలో ఆ సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కరే.

జూన్ 21

ధరలు కనుక్కుందామని సిమెంటు కొట్టుకి వెళ్తే, అక్కడ మేస్త్రి కనిపించాడు. ఆ భవనం కట్టిన మేస్త్రే. ఇప్పుడు పని మానేసి కొట్టు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ గోడలు ఎందుకు వంకరో చెప్తూ ఉంటాడు. నన్ను చూసి లేచి నించున్నాడు.

"ఆ బీము ఎలా ఉందమ్మా?"

"ఏ బీము?"

"మనకెన్ని బీములున్నాయమ్మా?"

ధరలు అడగడం మరిచిపోయి వచ్చేశాను.

జూన్ 22

ఇరవై ఆరేళ్ళ కిందట ఆ బీము పోసిన రోజు మబ్బు పట్టింది. వాన పడేలోపు కాంక్రీటు పోసేయాలని కాంట్రాక్టరు తొందర. కలిపే యంత్రం తిరుగుతోంది. పరంజా మీద నుంచి మేస్త్రి కేకేశాడు. "అమ్మా, పైకొచ్చి బీములో ఇనుప ఊచలు లెక్క చూసుకోండి!"

"కనిపిస్తున్నాయిలే, పోసెయ్యండి" అన్నాను.

కింద నుంచి ఏం కనిపిస్తాయి? చెక్కపలకల అడుగు కనిపిస్తుంది. తనిఖీ రిజిస్టరులో ఇలా రాశాను: 'స్వయంగా ఎక్కి పరిశీలించాను. ఊచలు ఆరు. సరిగా ఉన్నవి.' సంతకం పెట్టాను. అప్పటికి నా చేతిరాత చాలా బాగుండేది.

మొదటి ఉద్యోగం. ఎత్తంటే కాళ్ళు వణుకుతాయంటే ఎవరుంచుకుంటారు? ఒక్కసారికి అనుకున్నాను. ఆ తర్వాత ఎక్కవలసిన చోట్లకి ఎప్పుడూ ఎవరో ఒకర్ని ఎక్కించి, వాళ్ళతో పైనుంచి చెప్పించుకుని రాసుకున్నాను. ఆ మొదటిదొక్కటే అడగకుండా రాసింది.

అయినా అది పూత బీటే అయి ఉంటుంది.

జూన్ 24

కసరత్తు హాలు వల్ల మేడ మీద బరువు పెరుగుతుంది కాబట్టి ఎస్టిమేటు ఫారంలో ఒక గడి నింపాలి. 'కింది బీమును దగ్గరగా పరిశీలించితిని.' కింద సంతకం. పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. తర్వాత మేస్త్రికి కబురు పెట్టాను.

మరిది తన మనుషులతో ఒక స్కూల్లో నిప్పు విన్యాసాలు చూపించడానికి వెళ్ళాడు. కాపలాకి ఉన్న ముసలి డ్రైవరు బండి తుడుచుకుంటున్నాడు. మేస్త్రి నిచ్చెన వేసి, అటు తిరిగి నించున్నాడు. నా చీర కోసమో, నా పరువు కోసమో తెలియదు.

మొదటి మెట్టు బాగానే ఉంది. రెండోదీ మెట్టే కదా అనుకున్నాను. నాలుగో మెట్టు మీద మేస్త్రి నెత్తి కనిపించింది. ఇన్నేళ్ళుగా ఆయనకి బట్టతలని నాకు తెలియదు. ఆరో మెట్టు దగ్గర రెండు చేతులతో నిచ్చెనని వాటేసుకున్నాను. పెళ్ళయ్యాక ఎవర్నీ అంత గట్టిగా పట్టుకోలేదు.

"కిందకి చూడకండమ్మా" అన్నాడు.

"చూడట్లేదు."

"కళ్ళు మూసుకున్నారా?"

"ఆ."

"మూసుకుంటే ఇంకేం పరిశీలిస్తారమ్మా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఇంకో రెండు మెట్లు ఎక్కేశాను. పదకొండో మెట్టు మీద బీము నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. వెంట్రుక కాదు. నా చిటికెన వేలి గోరు దూరింది. రెండో నిచ్చెన మీద మేస్త్రి పక్కకి వచ్చి సుత్తితో మెల్లగా తట్టాడు. డొల్ల చప్పుడు. ఇంకోసారి తట్టాడు. పెచ్చు ఊడి కింద బండి మీద పడింది. లోపల తుప్పు.

ఇద్దరం లెక్కపెట్టాం.

జూన్ 25

నాలుగు.

జూన్ 26

మొన్నే మేస్త్రిని పెచ్చు ఊడిన చోటు మూసెయ్యమన్నాను. మూశాడు. తాపీ కడుక్కుంటూ అన్నాడు: "మిగతా రెండూ మర్నాడు పంపిస్తానన్నాడమ్మా కాంట్రాక్టరు. అందుకే మిమ్మల్ని పైకి పిలిచాను. మీరు చూస్తే ఆపిస్తారని. నేను ఆపితే నా కూలి ఆగుతుంది." దాన్ని సంచిలో పడేసి, "ఇది ఎవరికైనా చెప్పాల్సింది మీరే. నేను చెప్తే మీ మీద చెప్పినట్టుంటుంది" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళు నిలిచిన బీము. ఇంకో నెల నిలవదా? తొందరేం లేదు.

జూన్ 27

పొద్దుటి నుంచి లెక్కలు. నాలుగు ఊచలు కూడా చాలతాయని నిరూపించగలిగాను. గాలి తక్కువగా ఉండి, వాన పడకుండా, మేడ మీద పడుకునే ఒక్కొక్కరూ యాభై కిలోలు మించకుండా ఉంటే చాలతాయి.

ఈయన కాగితం తీసుకుని చూశారు. "మీ మరిదొక్కడే తొంభై."

"సగటు అండీ."

"మిగతావాళ్ళు పసిపిల్లలా?" అని, ఎర్ర పెన్ను తీయకుండానే కాగితం తిరిగిచ్చేశారు. ఆయన దిద్దకుండా ఇచ్చిన కాగితం ఇదే మొదటిది. తిట్టినా బాగుండేది.

జూన్ 28

ఉపాయం దొరికింది! మరిదికి ఫోన్ చేసి, "రంగులకి కొలతలు తీయాలి, పై గది వెంటనే ఖాళీ చేయించు" అన్నాను. మారు మాట్లాడకుండా సరే వదినా అన్నాడు. ఇక మేడ మీద బరువు లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండా అందరూ క్షేమం. ఈలోపు తీరిగ్గా ఆలోచించి ఎస్టిమేటులో ఏదో ఒక పేరుతో బీము కూడా చేర్చవచ్చు.

చాలా రోజుల తర్వాత ఇవాళ కడుపునిండా అన్నం తిన్నాను.

జూన్ 30

భోజనాలయ్యాక చెల్లి ఫోన్ చేసింది. రోజూ మధ్యాహ్నం మొగుడికి క్యారియర్ ఇచ్చి వస్తుంది, వచ్చాక నాతో కబుర్లు.

"నిన్న చెప్పడం మరిచాను. మీ మరిదికి నువ్వంటే ఎంత భక్తో అక్కా! వదిన చెప్పిందని ఆ రోజే మంచాలన్నీ కిందకి దింపించేశాడు."

"కిందకంటే?"

"బండి నిలబెట్టే చోట. బండిని బయట చెట్టు కింద పెట్టి, అక్కడ వరసగా వేసుకున్నారు. చల్లగా ఉందట, పై గదికన్నా హాయిగా ఉందట. ఇప్పుడు నేనక్కణ్ణుంచి బయల్దేరేసరికి అందరూ గుర్రు పెడుతున్నారు."

ఫోన్ పెట్టానో లేదో కూడా గుర్తులేదు. ఆటో దొరికేదాకా పరిగెత్తాను. రెండు మోకాళ్ళూ శుభ్రంగా పనిచేశాయి.

పదకొండు మంచాలు. సరిగ్గా బీము కింద, బీము వెంబడే, గీత గీసినట్టు. మధ్య మంచం మరిదిది. నోరు తెరుచుకుని, నదికి ఎదురుగా.

"లేవండి! అందరూ లేవండి!"

ఎప్పుడు కేక వినపడినా నిమిషంలో లేచి బండెక్కే మనుషులు వాళ్ళు. లేచారు. ఒకడు బూట్లలో కాళ్ళు దూర్చేశాడు, ఒకడు గంట కొట్టేశాడు, ముసలి డ్రైవరు బండి స్టార్ట్ చేసేశాడు. "ఎక్కడ? ఎక్కడ?" అంటున్నారు.

"నిప్పు కాదు! బీము! బయటికి రండి!"

బయటికి వచ్చాక మరిది నవ్వుతూనే ఉన్నాడు. "ఏంటి వదినా, రంగు మీద పడుతుందనా?"

చెప్పాను. రంగులు అబద్ధమని చెప్పాను. ఆరుండాల్సిన చోట నాలుగున్నాయనీ, వాటికి తుప్పు పట్టిందనీ చెప్పాను. అప్పుడు ఎక్కలేదనీ, ఎక్కానని సంతకం పెట్టాననీ చెప్పాను. పదకొండుమంది ముందు, నడి వాకిట్లో. గంట కొట్టినవాడు ఇంకా గంట తాడు పట్టుకునే ఉన్నాడు.

మరిది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పద్నాలుగేళ్ళుగా దాని మీద పడుకున్నాను వదినా" అన్నాడు. "మొన్నటి నుంచి దాని కింద."

నేను వెళ్ళి బండి మెట్టు మీద కూర్చున్నాను.

ఆ తర్వాత అతన్ని చూస్తే నాకు కొత్త మనిషిని చూసినట్టుంది. ఒక్క మాట వృథా చేయకుండా పావుగంటలో లోపలంతా ఖాళీ చేయించాడు. కొత్తగా కట్టే సినిమా హాలు నుంచి ఇనుప జాకీలు తెప్పించి, మేస్త్రిని పిలిపించి, చీకటి పడకముందే బీము కింద ఎనిమిది చోట్ల ఆనించాడు. చివరి జాకీ బిగించాక నా దగ్గరికి వచ్చాడు.

"మోకాలు కాదన్నమాట" అన్నాడు. అంతే.

జూలై 1

చెల్లి ఫోన్ ఎత్తలేదు.

జూలై 2

ఎత్తలేదు.

జూలై 3

ఎత్తింది. "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. నా చెల్లెలి గొంతు నాకు తెలియదనుకుందో ఏమో.

జూలై 6

కొత్త బీము వేయాలి, రెండు స్తంభాలు బలపరచాలి, పై గది నేల మార్చాలి. ముప్ఫై రెండు లక్షలు. నలభైలో ఇదీ, రంగులూ పైపులూ పోగా మిగిలిన దానితో అందరి కోరికలూ తీరాలి. పోలీస్ స్టేషన్ వరండాలోనే బల్ల చుట్టూ కూర్చున్నాం. నేను, మరిది, ఇన్‌స్పెక్టరమ్మ, చుట్టూ బస్సు కోసం కూర్చున్న సలహాదారులు.

మరిది మీట తలుపులు వదులుకున్నాడు. "తోస్తే తెరుచుకుంటాయి వదినా, చేతులున్నాయి." కసరత్తు హాలు వదులుకున్నాడు. ఇనుప బరువులు వదులుకున్నాడు. అద్దం దగ్గర కాస్త మీసం తడుముకున్నాడు. చివరికి అది సొంత డబ్బుతో కొనుక్కుంటానన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ గదికి డబ్బు చాలడంలేదని చెప్పడానికి నేను నీళ్ళు నములుతుంటే, ఆమే అంది: "నా గదికి తలుపుందిగా మేడమ్. దాన్ని ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళకిచ్చేయండి. నేను ఈ వరండాలో కూర్చుంటాను. ఫ్యాన్ ఉంది."

బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "అయితే మేమెక్కడ కూర్చోవాలమ్మా?" అన్నాడు. ఆయనకీ ఓ బెంచీ రాసుకున్నాను, రోడ్డవతల. రెండు వేల ఎనిమిది వందలు.

ముఖద్వారానికి ఏమీ మిగల్లేదు.

జూలై 14

ఛైర్మన్ గారు పిలిచారు. ఈసారి కుర్చీ చూపించారు. అప్పుడే భయమేసింది.

"కాలం చేసిన పని అని రాయండమ్మా. వానలకీ ఎండలకీ పాతబడి బలహీనపడిందని. అందులో అబద్ధం లేదుగా? ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. ఎందుకొచ్చిన గొడవ? నేను మీ పేరు రాకుండా చూస్తాను, మీరు నా స్తంభాలు చూడండి. ఆరొద్దు, నాలుగు చాలు."

నాలుగు చాలన్న మాట ఆయన నోట వింటుంటే, అది నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లెక్కలు కట్టి నిరూపించిన మాటలాగే ఉంది. ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఆలోచించుకున్నాను. అది కూడా రాయాలి కదా. నిజంగానే ఆలోచించుకున్నాను.

జూలై 15

కౌన్సిల్ సమావేశం. ఎస్టిమేటు చదివాను. బీము దగ్గర ఒక సభ్యుడు, కిరాణా కొట్టాయన, చెయ్యెత్తాడు. "ఇరవై ఆరేళ్ళకే బీము మార్చాలా? మా తాత కట్టిన కొట్టు వందేళ్ళ నుంచి ఉంది."

ఛైర్మన్ గారు నా వంక చూసి, "కాలం..." అని అందించబోయారు.

"కాలం కాదండీ, నేను" అన్నాను. పాత రిజిస్టరు తెచ్చుకున్నాను. ఆ పేజీ తెరిచి, నేను రాసిన వాక్యం నేనే చదివాను. అది అబద్ధమనీ, ఎత్తంటే భయపడి ఎక్కలేదనీ చెప్పాను. రిజిస్టరు తెరిచిన పేజీతోనే బల్ల మీద పెట్టేశాను.

కిరాణా కొట్టాయనే మళ్ళీ అడిగాడు. "ఎత్తంటే భయమైతే మరి ఇంజనీరెలా అయ్యారమ్మా?"

"కింద నుంచండీ" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో అందరూ నవ్వేశారు. ఆ నవ్వు ఆగాక మాత్రం మొహాలు మారిపోయాయి. ఒకావిడ లేచి, "మా తమ్ముడు అక్కడ పనిచేస్తాడు" అంది. కూర్చుంది. అదొక్కటే మాట. ఇంటికి వచ్చేదాకా వినిపిస్తూనే ఉంది.

ఎస్టిమేటు ఆమోదించారు. బీముతో, తలుపు గదితో, బెంచీతో. నా మీద విచారణ వేశారు. పని పక్క ఊరి ఇంజనీరుకి అప్పగించారు. బయటికి వస్తుంటే ఛైర్మన్ గారు అన్నారు: "ఊరికి ముఖం లేకుండా చేశారమ్మా."

ఇంటికొస్తే ఈయన గుమ్మంలోనే నించుని ఉన్నారు. అప్పటికే ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. "పదికి ఎన్ని వేస్తారు?" అనడిగాను.

"ఆలస్యంగా ఇచ్చిన జవాబు. సగం కోసేస్తాను" అన్నారు. లోపలికి వెళ్ళి టీ పెట్టారు.

జూలై 20

చెల్లి వచ్చింది. నా కోసం కాదు, వాళ్ళ బావగారి కోసమట. నేను ఎదురుగానే కూర్చున్నాను.

"బావా, మీ ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది?"

ఈయన నా వైపు తిరిగి, "నీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోంది" అన్నారు.

"బాగానే ఉందని చెప్పండి."

"చిక్కిపోయిందట" అని చెప్పారు ఆయన.

"నేనలా అనలేదు!"

"నాకు కనిపించింది చెప్తున్నాను. ఊరికే మోసుకెళ్ళడానికి నేనేమన్నా పోస్టుమ్యానునా?"

చెల్లి నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఆపుకుంది కూడా. తిరిగినప్పుడు కళ్ళలో నీళ్ళున్నాయి.

"బావా, మీ ఆవిడతో చెప్పండి. ఇరవై ఆరేళ్ళ కిందటిది నేను క్షమిస్తాను. కొత్త ఉద్యోగం, భయపడింది. కానీ తెలిశాక ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ నేను రోజూ క్యారియర్ పట్టుకుని వెళ్ళాను. నాలుగు రోజులు ఆ మేడ మెట్లెక్కాను, రెండు రోజులు ఆ మంచాల మధ్య నించున్నాను. రోజూ తిరిగొచ్చి మీ ఆవిడకే ఫోన్ చేసి కబుర్లు చెప్పాను. ఆవిడ ఊఁ కొట్టింది. దాన్ని ఎలా క్షమించాలో తెలియట్లేదు. మీకు తెలిస్తే చెప్పండి."

ఈయన ఈసారి ఏమీ మోసుకురాలేదు. వినపడిందిగా.

తను వెళ్ళాక ఈ డైరీ తీసి జూన్ 24 నుంచి 30 దాకా చదివాను. ఆ ఆరు రోజుల్లో చెల్లి ఫోన్ల గురించి చివరి రోజున తప్ప ఒక్క ముక్క రాయలేదు. రోజూ చేసింది. రోజూ మాట్లాడాను. నా కోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా దాచాను.

ఇప్పుడు రాస్తున్నాను. జూన్ 26న కొత్త చీర గురించి చెప్పింది. 27న వాళ్ళాయన గురక గురించి. నేను నవ్వాను.

ఆగస్టు 2

విచారణ తీర్పు. మూడు ఇంక్రిమెంట్లు కోత. సంతకం పెట్టే అధికారం ఏడాది పాటు లేదు. ఉద్యోగం ఉంది. ఆఫీసులో నాకు ఇచ్చిన పని: పాత రిజిస్టర్లన్నీ తిరగేసి, అనుమానం ఉన్న భవనాల జాబితా రాయడం. శిక్ష వేసినవాళ్ళెవరో తెలివైనవాళ్ళు.

ఆగస్టు 9

జాబితాలో మూడు భవనాలు. మూడూ నావి కావు. సంతోషించానని రాసి కొట్టేశాను. చిన్నగా సంతోషించాను.

ఆగస్టు 21

ఇవాళ కొత్త బీముకి కాంక్రీటు పోశారు. నాకు లోపలికి వెళ్ళడానికి అధికారం లేదు. సెలవు పెట్టి, రోడ్డవతల కొత్తగా వేసిన బెంచీ మీద కూర్చున్నాను. ఊళ్ళో సగం మంది ఏదో ఒక పని పెట్టుకుని అటువైపే తిరుగుతున్నారు.

పక్క ఊరి ఇంజనీరు నాకన్నా పెద్దవాడు. పొట్ట కూడా ఉంది. ఆ పొట్టతో సహా పరంజా ఎక్కి, బీము ఈ చివర నుంచి ఆ చివర దాకా కూర్చుని కూర్చుని జరుగుతూ, ఒక్కో ఊచా చేత్తో తడుముతూ చూశాడు. దిగి, నన్ను చూసి రోడ్డు దాటి వచ్చాడు.

"మీరొకసారి చూస్తారా? అధికారికంగా కాదు. ఊరికే."

"నాకు ఎత్తంటే భయమండీ" అన్నాను. ఇంత తేలిగ్గా బయటికొచ్చే మాట అని తెలియదు.

"నాకు బల్లులంటే" అన్నాడాయన. "పైన రెండున్నాయి" అని మళ్ళీ వెళ్ళి ఎక్కాడు.

పోలీస్ స్టేషన్ వరండాలో ఇన్‌స్పెక్టరమ్మ ఫ్యాన్ కింద ఫైళ్ళకి రాళ్ళు బరువు పెట్టుకుని రాసుకుంటోంది. లోపల ఆమె పాత గది తలుపు వేసి ఉంది. చాలాసేపటి నుంచి వేసే ఉంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారన్నమాట.

మధ్యాహ్నం చెల్లి క్యారియర్ పట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, చూడనట్టు గేటు లోపలికి వెళ్ళింది. మరిది బండి పక్కన నించుని తిన్నాడు. ఆమె ఏదో అంటోంది, అతను తల అడ్డంగా ఊపుతున్నాడు, మళ్ళీ నిలువుగా ఊపాడు. గిన్నెలు సర్దుకుని బయటికి వచ్చింది. ఆటోలు అటు వైపున ఆగుతాయి. అటు కాకుండా ఇటు దాటింది. వచ్చి నా ముందు నించుంది.

నేను తలెత్తలేదు. ఆమె చెప్పుల వంకే చూస్తున్నాను. వెనకాల కాంక్రీటు కలిపే యంత్రం చప్పుడు.

"జరుగు" అంది.

జరిగాను. క్యారియర్ మా మధ్యన పెట్టి కూర్చుంది.

"ఇంకాస్త జరగవే" అంది. బెంచీ అంచుకి వచ్చేశాను.